జీపు ఎడమకే ఎందుకు గుంజుతుంది?

మా మేనమామకు రెండేళ్లుగా కుడి భుజం నొప్పి. పెద్దపల్లిలో చూపిస్తే గోలీలిచ్చారు. కరీంనగర్‌లో చూపిస్తే ఫొటో తీసి, బొక్క బాగానే ఉందన్నారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. చివరికి రోగం కనిపెట్టింది డాక్టరు కాదు, మా అత్తమ్మ. "నీ భుజం గాదు, నీ బండి బాగలేదు. పొద్దంత ఆ స్టీరింగు తోటి కుస్తీ వడుతున్నవ్" అన్నదట.

ఆ బండి మా కుటుంబంలో అందరికీ తెలిసిన మనిషి లాంటిది. పాత మహీంద్రా ఎంఎం 540 జీపు. ఒకప్పుడు గోదావరిఖని, మంథని మధ్య షేర్ జీపుగా తిరిగింది. లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం కంటే బయట ఎంతమంది వేలాడుతున్నారో లెక్కపెట్టడం తేలిక అన్నట్టుండేది. ఇప్పుడు ఆ కిరాయిలు లేవు. మామ దాన్ని పొలం పనులకూ, మేడారం జాతరకూ, రోజూ పొద్దున కూతుర్ని పెద్దపల్లిలో కాలేజీకి దింపడానికీ వాడుకుంటున్నాడు.

గోదావరిఖని నుంచి రాజీవ్ రహదారి ఎక్కితే చాలు, జీపు ఎడమ పక్కకు గుంజడం మొదలుపెడుతుంది. ఎన్టీపీసీ దాటి, బసంత్‌నగర్ దాటి, పెద్దపల్లి వచ్చేదాకా అదే వరస. స్టీరింగ్ వదిలితే రోడ్డు దిగిపోతుంది. మామ మూడుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించాడు. టైర్లు మార్పించాడు. ఏమీ మారలేదు. ఒక షెడ్డులో మాత్రం తేల్చి చెప్పారట... ముందు ఇరుసు వంగింది, మార్చాలి, ముప్పై ఎనిమిది వేలవుతుంది అని.

అంతలో ఒక సాయంత్రం జరగాల్సిందే జరిగింది. చీకటి పడే వేళ, సెకండ్ కన్ను మూతపడిందేమో, జీపు తనదారిన తాను ఎడమకు జరిగి, పక్కన సైకిల్ మీద పోతున్న మనిషి హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది. సైకిల్ పడింది. మనిషికి మోచెయ్యి గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. మామే ఆయన్ని లేపి, నీళ్లు తాగించి, ఇంటిదాకా దింపి వచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదని అత్తమ్మ చెప్పింది. తెల్లారి రెండే మాటలంది... బండన్న అమ్ము, లేకపోతే నా గాజులు కుదువబెట్టి ఇరుసన్న మార్పియ్యి.

అప్పుడొచ్చింది నాకు ఫోన్. "బిడ్డా, నువ్వు పేపర్ల రాస్తవు గదా. అసలు ఇది బండి తప్పా, నా తప్పా... ఎవర్నన్న అడిగి చెప్పు."

పేపర్లో రాసేవాళ్లకు అన్నీ తెలుసని మా చుట్టాల నమ్మకం. నేను చదివింది జర్నలిజం డిప్లొమా. ఫిజిక్స్‌తో నా స్నేహం పదో తరగతితోనే తెగిపోయింది. కానీ నాన్న స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. సింగరేణిలో బండ్ల వర్క్‌షాప్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఓపెన్‌కాస్ట్‌లో తిరిగే జీపులు మీరు చూసే ఉంటారు. కొండంత డంపర్ మీద కూర్చున్న ఆపరేటర్‌కు కనపడాలని వాటికి పొడుగాటి కర్ర, కర్ర చివర ఎర్ర జెండా కడతారు. అలాంటి జీపులెన్నిటికో కడుపు కోసి కుట్టిన చెయ్యి ఆయనది. చిన్నప్పటి నుంచీ చిన్నాయనా అని పిలుస్తాను.

ఆదివారం పొద్దున్నే మామనూ, జీపునూ ఆయన ముందు నిలబెట్టాను. ఆయన బానెట్ తెరవలేదు. కిందికి వంగి చూడలేదు. "పా... గ్రౌండుకు పోదాం" అన్నాడు.

మైదానంలో చెప్పిన తీర్పు

క్వార్టర్ల వెనక ఒక ఖాళీ మైదానం ఉంది. ఒక పక్కన వాన నీళ్లు పోయే కాలువ. చూడటానికి చదునుగానే ఉంటుంది కానీ నేల మొత్తం సన్నగా కాలువ వైపు వాలి ఉంటుంది. చిన్నాయన మామను పక్కన కూర్చోబెట్టుకుని, కాలువ ఎడమచేతి వైపు ఉండేలా ఆ చివరిదాకా నెమ్మదిగా నడిపాడు. మధ్యలో స్టీరింగ్ మీద వేళ్లు మాత్రమే ఆనించాడు. జీపు గట్టిగా ఎడమకు, అంటే కాలువ వైపు తిరిగింది. చివరికి పోయి, బండి తిప్పుకుని, వెళ్లిన గీత మీదే వెనక్కి వచ్చాడు. ఇప్పుడు కాలువ కుడి పక్కన ఉంది. ఈసారి జీపు ఎటూ పోలేదు. బుద్ధిమంతుడిలా సక్కగా వచ్చింది.

బండి ఆపి ఆయన చెప్పిన మాటలు నేను అక్కడే రాసుకున్నాను. "చూడు బిడ్డా. తప్పు బండిదొక్కదానిదే అయితే పోయేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్లూ ఎడమకే గుంజాలె. తప్పు నేలదొక్కదానిదే అయితే రెండుసార్లూ కాలువ దిక్కుకే పోవాలె. ఇది రెండూ చేస్తలేదు. పోయేటప్పుడు గట్టిగ ఎడమకు, వచ్చేటప్పుడు సక్కగ. అంటే దొంగలు ఇద్దరున్నరు. పోయేటప్పుడు ఇద్దరు ఒక్క దిక్కుకు గుంజిన్రు, వచ్చేటప్పుడు ఒకనికొకడు ఎదురు గుంజుకున్నరు."

మామ నోరు తెరిచాడు. నాకు మాత్రం ఒక్కసారిగా పదో తరగతి గుర్తొచ్చింది. ఇంత మంచి సార్ అప్పుడు దొరికి ఉంటే ఫిజిక్స్ తప్పేదాన్ని కాదేమో!

మొదటి దొంగ దొరకడానికి పది నిమిషాలు పట్టింది. బ్రేకు పెద్దగా వాడకుండా కాలనీ రోడ్ల మీద కాస్త తిప్పి తెచ్చి, ముందు చక్రాల మధ్యలో ఒక్కో నీటి చుక్క వేశాడు. కుడి చక్రం మీద చుక్క అలాగే కూర్చుంది. ఎడమ చక్రం మీద చుర్రుమని ఆవిరైంది. బ్రేకు తొక్కకపోయినా ఎడమ చక్రంలో బ్రేకు షూ డ్రమ్మును పట్టుకునే ఉంటోంది. డ్రమ్ము విప్పితే లోపల వీల్ సిలిండర్ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. పెడల్ వదిలినా షూ వెనక్కి రావడం లేదు. కొత్త కిట్టు, రిటర్న్ స్ప్రింగు, మజూరీ అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే. ఇరుసుకు ఏమీ కాలేదు. అత్తమ్మ గాజులు చేతికే ఉన్నాయి.

బాగుచేశాక మళ్లీ మైదానానికి తీసుకెళ్లాడు. ఈసారి పోయేటప్పుడు సన్నగా కాలువ వైపు, అంటే ఎడమకు. వచ్చేటప్పుడు సన్నగా మళ్లీ కాలువ వైపే, అంటే కుడికి. "ఇగ ఒక్క దొంగే మిగిలిండు" అన్నాడు చిన్నాయన. "వీన్ని పట్టుడు నీతోని గాదు, నాతోని గాదు. వాడు రోడ్డుల ఉన్నడు."

రోడ్డు చదునుగా ఉండదు

రోడ్డు చదునుగా ఉంటుందని మనం అనుకుంటాం. ఉండదు, ఉండకూడదు. వాన నీళ్లు నిలిస్తే తారు ఊడిపోతుంది, నీటి పొర మీద టైరు జారుతుంది. అందుకే రోడ్డు మధ్యలో కాస్త ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. ఎంత వాలు ఉండాలో మన దేశంలో 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలు చెబుతుంది. మామూలు తారు రోడ్డుకు 2 నుంచి 2.5 శాతం. కంకర రోడ్డుకు 2.5 నుంచి 3 శాతం. మట్టి రోడ్డుకు 3 నుంచి 4 శాతం. వానలు ఎక్కువ పడే చోట వాలు ఎక్కువ. 2.5 శాతం అంటే మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల దిగుడు. ఏడు మీటర్ల వెడల్పున్న పాత రెండు వరసల రోడ్డు తీసుకోండి. మధ్యగీతకూ అంచుకూ మధ్య మూడున్నర మీటర్లు. అంటే అంచు దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. కంటికి ఆనదు. స్టీరింగ్ పట్టుకున్న చేతికి ఆనుతుంది.

మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి వాలు ఎప్పుడూ మన ఎడమకే. అమెరికాలో కుడి పక్కన నడుపుతారు, అక్కడ బళ్లు కుడికి గుంజుతాయని డ్రైవర్ల గోల. మామ ఇంకో మాట చెప్పాడు. పాత రోడ్డప్పుడు ముందు లారీని దాటడానికి మధ్యగీత ఎక్కితే స్టీరింగ్ తేలికయ్యేదట. నాలుగు వరసలయ్యాక ఆ సుఖం పోయిందట. నిజమే. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డుకు సాధారణంగా ప్రతి పక్కనా డివైడర్ నుంచి బయటి అంచుదాకా ఒకటే వాలు. ఏడు మీటర్లకు పదిహేడున్నర సెంటీమీటర్లు. ఏ వరసలో పోయినా ఎడమకే. కుడి మలుపుల దగ్గర మాత్రం రోడ్డును లోపలికి, అంటే కుడికి వాల్చి వేస్తారు కాబట్టి అక్కడ గుంజుడు మాయమవుతుంది. మామ ఆ మలుపుల దగ్గర చెయ్యి దులుపుకుంటాడు.

ఇప్పుడు కాస్త లెక్క. మనుషులతో కలిపి పదిహేను వందల కిలోల జీపు అనుకుందాం. 2.5 శాతం వాలు మీద అది నడిచినంతసేపూ ముప్పై ఏడున్నర కిలోల బలం దాన్ని పక్కకు లాగుతుంటుంది. యాభై కిలోల బస్తా బియ్యంలో ముప్పావు వంతు. ఆ బలానికి టైర్లు అడ్డం నిలబడాలి. నిలబడతాయి కూడా. కానీ ఊరికే కాదు, స్టీరింగ్ కాసింత కుడికి తిప్పి పట్టుకుంటేనే.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఇంట్లో సైకిల్ ఉంటే పిల్లల్ని పిలిచి చూపించండి. సైకిల్‌ను సీటు దగ్గర మాత్రమే పట్టుకుని నెమ్మదిగా ఎడమకు వంచండి. హ్యాండిల్ దానంతట అదే ఎడమకు తిరుగుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఏటవాలుగా ఉండటం వల్ల, చక్రం నేలను తాకే చోటు అది తిరిగే గీతకు కాస్త వెనక పడుతుంది. బళ్లలో కూడా ఇలాంటి వాలు ఉంటుంది. మెకానిక్కులు దాన్ని క్యాస్టర్ అంటారు. పాత జీపుల్లో మూడు డిగ్రీల ప్రాంతంలో ఉండేది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అదే సక్కగా వస్తుందే, అది ఈ క్యాస్టర్ పుణ్యమే. కానీ వాలు రోడ్డు మీద అదే ఎదురు తిరుగుతుంది. బండి కిందికి జారకుండా నేల టైరును పైకి తోస్తుంది. ఆ తోపు తిరిగే గీతకు వెనక పడుతుంది కాబట్టి, చక్రం వెనక భాగం పైకి, ముందు భాగం కిందికి తిరుగుతాయి. సక్కగా నడిపించే గుణమే వాలు దిక్కుకు మొహం తిప్పుతుందన్నమాట.

ఇదంతా కార్లకు కూడా ఉంటుంది కదా, మరి జీపుకే ఎందుకీ బాధ?

ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఇరుసు

ఎడ్లబండిని తలుచుకోండి. ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే ఇరుసు. పాత జీపుల్లో ముందూ వెనకా అదే పద్ధతి. మెకానిక్కులు సాలిడ్ యాక్సిల్ అంటారు. 1940లో అమెరికా సైన్యం చిన్న బండి కావాలని అడిగినప్పుడు బాంటమ్ కంపెనీ చేసిచ్చిన తొలి నమూనా, ఆ తర్వాత విల్లీస్, ఫోర్డ్ చేసినవి అన్నీ ఇలాంటివే. మహీంద్రా వాళ్లు మన దగ్గర తయారుచేసిన జీపులు ఆ వంశానివే. మామ 540 రకం 1985లో వచ్చింది. అదే ఏడు వచ్చిన మారుతీ జిప్సీకి కూడా రెండు పక్కలా ఒకే ఇరుసు. 2023లో వచ్చిన జిమ్నీ కూడా ఆ బాపతే. కాకపోతే కమాను పట్టీలకు బదులు చుట్టల స్ప్రింగులు.

ఈ పాతకాలపు ఇరుసును ఇంకా ఎందుకు పట్టుకు వేలాడుతున్నారంటే, గుట్టల్లో దానికి సాటి లేదు. ఒక చక్రం బండరాయి ఎక్కితే రెండోది నేలను ఇంకా గట్టిగా తొక్కుతుంది. బండి పొట్ట కింద రాళ్లకు తగలాల్సిన చోటు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. విరిగినా గ్రామంలో వెల్డింగ్ పెట్టుకోవచ్చు. రామగిరి ఖిల్లా కింద దారుల్లో వానాకాలం తిరిగినవాళ్లకు దాని విలువ చెప్పక్కర్లేదు.

రహదారి మీదికి వచ్చేసరికి ఆ గట్టిదనమే తిప్పలు. కార్లలో ముందు చక్రాలు దేనికవి విడివిడిగా వేలాడతాయి. బొలెరో లాంటి బళ్లలో, 2020లో వచ్చిన కొత్త థార్‌లో ముందు చక్రాలు అలాంటివే, వెనక మాత్రం ఇంకా ఒకే ఇరుసు. విడివిడిగా ఉన్నప్పుడు చాలా బళ్లలో తెలిసిన అలైన్‌మెంట్ మనిషి రెండు పక్కలా క్యాస్టర్‌ను కాసింత తేడాగా పెట్టి, రోడ్డు వాలుకు ఎదురు గుంజుడు ముందే ఏర్పాటు చేయగలడు. ఒకే ఇరుసులో అది కుదరదు. చక్రాలు ఏ వాలున నిలబడాలో ఆ ఇరుసు తయారైన రోజే తేలిపోయింది. కమానుకూ ఇరుసుకూ మధ్య ఆపు పెట్టి మొత్తం ఇరుసును కాస్త ముందుకో వెనక్కో వాల్చవచ్చు. ఒక పక్కను మాత్రమే వాల్చాలంటే ఇరుసును మెలిపెట్టడమే.

మరి మామ మూడుసార్లు చేయించిన అలైన్‌మెంట్ ఏమిటి? టై రాడ్ తిప్పి చక్రాల ముక్కులు దగ్గరికో దూరానికో జరపడం. దాన్ని టో అంటారు. జీపులో మామూలుగా సరిచేయడానికి వీలున్నది అదొక్కటే. టో సరిగ్గా ఉంటే టైర్లు తొందరగా అరగవు. అది అవసరమే. కానీ ఎడమ గుంజుడుకూ దానికీ సంబంధం దాదాపు లేదు. ఆ ముక్క బిల్లు రాసేముందు చెప్పి ఉంటే బాగుండేది!

కమాను పట్టీల సంగతి ఇంకొకటి. జీపు ఎత్తుగా ఉంటుంది. వాలు మీద దాని బరువు కొంత ఎడమ చక్రాల మీదికి జరుగుతుంది. ఎడమ కమాను ఇంకాస్త చదును అవుతుంది. వంపు చదునైతే కమాను పొడుగవుతుంది కదా. ఒక చివర బిగించి ఉంటుంది కాబట్టి రెండో చివరకు, అక్కడున్న షాకిల్ వైపుకు జరుగుతుంది. దాంతో ఇరుసు ఎడమ కొన కూడా వెంట్రుకవాసి కదులుతుంది. ఇరుసు ఒకటే కాబట్టి మొత్తం ఇరుసే వాసి తప్పుతుంది. దానికి తోడు స్టీరింగ్ బాక్సు ఉండేది చాసిస్ మీద, చక్రాలుండేది ఇరుసు మీద. రెండిటినీ కలిపేది డ్రాగ్ లింక్ అనే రాడ్డు. చాసిస్ ఒరిగినా, గుంతలో పడి లేచినా, స్టీరింగ్ కదలకపోయినా ఆ రాడ్డు చక్రాలను నెడుతుంది. పాతికేళ్లు జనాన్ని మోసి అలిసిపోయిన కమాన్లున్న బండిలో ఇవన్నీ ఎక్కువే. ఇక పవర్ స్టీరింగ్ లేదు. కార్లో ఈ బలాలన్నిటినీ పవర్ స్టీరింగ్ మధ్యలోనే మింగేస్తుంది. జీపులో అవన్నీ తిన్నగా డ్రైవర్ భుజానికే అందుతాయి. మా అత్తమ్మ వైద్యం అక్షరాలా నిజం.

ఇదంతా విని మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మా నాయిన బండి తోలేటప్పుడు సూసిన. కచ్చ రోడ్డు ఎడమకు జారుగ ఉంటే ఆయన వలపలి పగ్గం జరంత బిగవట్టే కూసునేటోడు. నేనెందుకని అడగలే." దాపల ఎద్దు, వలపల ఎద్దు అనే మాటలు ఇప్పటి పిల్లలకు తెలియవు కానీ, ఎడమ, కుడి ఎద్దులన్నమాట. కరీంనగర్ జిల్లా ముక్కలై 2016లో పెద్దపల్లి జిల్లా అయింది, ఎడ్లబండి పోయి జీపొచ్చింది. కుడి పక్కకు పట్టి కూర్చునే ఆ బిగువు మాత్రం తాత చేతి నుంచి మామ చేతికి దిగింది.

ఎవరిదీ తప్పు కానప్పుడు

రోడ్డు వాలు తప్పు కాదు, ఇరుసు తప్పు కాదు అంటే ప్రమాదం లేదని కాదు. బొగ్గు లారీలు తిరిగే దారుల్లో ఎడమ వరసలో చక్రాల బాటలు పడి ఉంటాయి. ఆ గాడిలో దిగిన టైరు గాడి చెప్పినట్టే నడుస్తుంది. తారు అంచు దాటితే మట్టి భుజం ఇంకా వాలు, కొన్నిచోట్ల జానెడు కిందికి ఉంటుంది. ఆ అంచునే సైకిళ్లు, మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు, మేకల మందలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు పదిహేడు మీటర్లు పోతుంది. మూడు సెకన్లు కునుకు పడితే యాభై మీటర్లు. చదును రోడ్డు మీద సక్కగా పోయే బండి ఆ యాభై మీటర్లలో అదృష్టం ఉంటే వరసలోనే ఉంటుంది. ఎడమకు గుంజే జీపు ఉండదు. నైట్ షిఫ్టు దిగి బండి నడిపేవాళ్లకు ఈ లెక్క చెప్పాలని నాకు చాలా ఉంది. ఒకవేళ ఎడమ చక్రాలు అంచు దిగితే స్టీరింగ్ గబుక్కున కుడికి గుంజకూడదు. వేగం తగ్గించి, సక్కగానే పోనిచ్చి, తర్వాత నెమ్మదిగా ఎక్కించాలి. ఒక్కసారి గుంజితే టైరు అంచుకు తట్టుకుని, ఎక్కీ ఎక్కగానే బండి ఎదురుగా వచ్చేవాళ్ల వైపు దూకుతుంది. జీపు లాంటి ఎత్తు బండయితే బోర్లా పడుతుంది.

మీ బండీ గుంజుతుంటే వెంటనే ఇరుసు మార్చేవాళ్ల దగ్గరికి పోకండి. ముందు టైర్లలో గాలి రెండు పక్కలా సమానంగా ఉందో చూడండి, పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. తర్వాత జనం లేని మైదానంలో చిన్నాయన పరీక్ష. పోయి, తిరిగి అదే గీత మీద రండి. రెండుసార్లూ ఒకే వేపచెట్టు వైపు పోతే నేల సంగతి. రెండుసార్లూ ఎడమకే పోతే బండి సంగతి. దయచేసి దీన్ని హైవే మీద అవతలి పక్కకు పోయి ప్రయత్నించకండి. బండి తప్పే అని తేలితే, ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడమన్నాడు చిన్నాయన. గుంజుడు కూడా పక్క మారితే దొంగ టైరులో ఉన్నట్టు. మారకపోతే బ్రేకు డ్రమ్ము వేడి, కింగ్‌పిన్ అరుగుదల, కమాను యూ బోల్టులు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే గుంజితే ఒక్కరోజు కూడా ఆగకుండా చూపించుకోవాల్సిందే.

అన్నట్టు, మా గోదావరిఖని కుర్రాళ్లు కొందరు జీపుల్ని ఎత్తు లేపి, వెడల్పాటి టైర్లు వేస్తున్నారు. చూడటానికి బ్రహ్మాండంగానే ఉంటుంది. కానీ ఎత్తు లేపితే డ్రాగ్ లింక్ ఏటవాలు పెరుగుతుంది, చాలాసార్లు క్యాస్టర్ కూడా తగ్గుతుంది. వెడల్పు టైరు రోడ్డులో ప్రతి గాడినీ పలకరిస్తుంది. చిన్నాయన దగ్గరికి అలాంటి బండి ఒకటొచ్చింది. ఆయన చుట్టూ తిరిగి చూసి, "దీన్ని నువ్వు నడుపుతున్నవా, ఇది నిన్ను నడుపుతున్నదా?" అని అడిగాడట.

మామ జీపు అమ్మలేదు. బసంత్‌నగర్ దగ్గర ఆగి చాయ్ తాగడం ఇప్పుడు అలవాటు చేసుకున్నాడు. చీకటి పడ్డాక నడపడం మానేశాడు. సైకిలాయన ఇంటికి రెండుసార్లు పోయి పలకరించి వచ్చాడు.

కిందటి నెల నేను ఊరికి పోయినప్పుడు పెద్దపల్లి స్టేషన్‌కు జీపు తెచ్చాడు. "నడుపుతవా?" అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఊరు దాటి రోడ్డెక్కాక నాకే తెలియకుండా కుడి చెయ్యి స్టీరింగ్‌ను సన్నగా కిందికి గుంజి పట్టుకుంది. మామ ఓరకంట చూసి నవ్వాడు. "వలపలి పగ్గం" అన్నాడు.